రాబిష్ ఎక్కడ పోసినట్టు

మా తమ్ముడు శ్రీనివాస్ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో చేస్తున్నది నా ఉద్యోగం. నాన్న సర్వీసులో ఉండగానే పోయినాడు. పెద్దకొడుకుని నేను, ఆయన ఉద్యోగం నాకు రావాలి. కానీ నాన్న మంచాన పడ్డ ఏడాది, ఇంట్లో పొయ్యి వెలగాలని ఏడో క్లాసులో బడి మానేసి గోల్‌బజార్‌లో చేపల బుట్టలు మోసింది కూడా నేనే. ఆ చేపల డబ్బుతో చదివి వాడు పది పాసయినాడు. ఆఫీసులో అడిగింది పది పాసయిన కాగితం. వాడు చూపించినాడు, నేను చూపించలేకపోయినాను. ఆ రోజు నుంచి సైరన్ మోగితే వాడు గేటు లోపలికి పోతాడు, నేను గేటు బయట నిలబడి ఏ పని దొరుకుతుందా అని చూస్తాను. ఇప్పుడు టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడుపుతున్నాను.

మా అమ్మ అప్పలనర్సమ్మ అప్పట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పింది. "ఉద్యోగం సిన్నోడికి. మలంచా సివర మీ అయ్య కొన్న జాగా పెద్దోడికి. ఇల్లు ఇద్దరికీ సగం సగం. ఇంక నా ముందు ఎవుడూ నోరెత్తొద్దు." ఎత్తలేదు. అమ్మ పోయినాక కూడా ఎత్తలేదు. ఒకటింపావు కట్టా, అంటే వంద గజాల పల్లపు జాగా, వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. అయినా నాది. అందులో మా అమ్మాయి మీనాకుమారికి రెండు గదులు వేసి ఇవ్వాలని నా ఆశ.

కిందటి వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మా ఇంట్లో ముందు వాటా శ్రీనివాస్‌ది, వెనక వాటా మాది. జనవరిలో వాడి మనవడి మొదటి పుట్టినరోజుకి ఇల్లు మెరిసిపోవాలని, చవగ్గా దొరికిన పనివాళ్ళని తెచ్చి, పుచ్చిన కిటికీలు, పెచ్చులూడిన గోడలు పగలగొట్టించి, తలుపులకి, కిటికీలకి, గోడల కింది పట్టీకి పాత రంగు గీయించినాడు. వాళ్ళు బ్లోల్యాంపు పెట్టి కాల్చినారు, మిషన్ పెట్టి పొడిపొడిగా రుద్దినారు. వారం రోజులు ఇల్లంతా ఎర్రటి పొడి. మీనాకుమారి కూతురు ప్రవల్లిక, నాలుగేళ్ళ పిల్ల, ఆ పొడిలోనే వేలితో బొమ్మలు గీసుకుంది. వేసవి వచ్చేసరికి అన్నం మానేసింది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. డాక్టరమ్మ రక్తం కలకత్తాకి పంపించి చెప్పింది, పాత రంగులో ఉండే సీసం పిల్ల ఒంట్లోకి పోయిందని. ఐదు దాటితేనే ఊరుకోకూడదంట. మా పిల్లకి పద్దెనిమిది. ఆవిడ చెప్పినవన్నీ చేసి, రెండో పరీక్ష చేయించి, రిపోర్టు కవరు పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద నిలబడ్డాను, విప్పడానికి చెయ్యి రాక. అక్కడ ఆగినాం.

విప్పినాను. ఇరవై నాలుగు.

డాక్టరమ్మ కాగితం చూసి నా మొహం చూసింది. "ఆబార్ ఘషేఛేన్?" అంది. మళ్ళీ గీకినారా అని.

మా అమ్మ మీద ఒట్టు, గీకలేదు. ఆవిడ మొదట చెప్పిన రోజు నుంచి మిషన్‌ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. జనవరిలో గీకకుండా వదిలేసిన తలుపుల్లో రంగు గట్టిగా పట్టి ఉన్న చోట ముట్టుకోకుండా పైనే కొత్త రంగు వేసేసినాం. పెచ్చులు ఊడుతున్న చోట మాత్రం, కింద మందపాటి ప్లాస్టిక్ పరిచి, అంచులకి టేపు వేసి, నీళ్ళు చల్లి తడిపి, చేత్తో మెల్లగా గీకినాం. మూతికి కట్టుకునే గుడ్డ దీనికి పనికిరాదంటే సన్నదుమ్ము ఆపే మాస్కులు తెచ్చినాను. ఆ పని అయినంతసేపూ మీనాకుమారి పిల్లని తీసుకుని పక్కింట్లో ఉంది. పనిలో వేసుకున్న బట్టలు వేరే బకెట్లో ఉతికినాం. గీకిందంతా రెండేసి సంచుల్లో కట్టి, అలాటి చెత్త తీసుకునేవాళ్ళకే ఇచ్చినాం. మా ఆవిడ రాధారాణి చీపురు పట్టుకోవడం మానేసింది, చీపురు దుమ్ము లేపుతుందంట. పొద్దున్నా సాయంత్రం తడిగుడ్డతో నేల తుడవడమే పని. మోకాళ్ళు వాచిపోయినాయి మనిషికి.

రిపోర్టు సంగతి చెప్పగానే గుడ్డ తీసి బకెట్లో విసిరికొట్టింది.

"ఏటయ్యా, నాను సరిగ్గా తుడవలేదంతావా?"

"నానెక్కడన్నాను?"

"నీ మొకం అంతన్నాది. రా, సూపించు. ఈ ఇంట్లో ఎక్కడున్నాదో ఒక్క రవ్వ ఎర్ర పొడి సూపించు."

టార్చి పట్టుకుని మంచాల కింద, తలుపు మూలల్లో పాకినాను. లేదు. వేలు పెట్టి రాసినా వేలు తెల్లగానే వచ్చింది.

"డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. పిల్ల ఇంట్లో కాకుండా ఇంకెక్కడుంతాదని."

"ఎక్కడుంతాది? పొద్దున్న బడి, మద్దేనం ఇల్లు. ఆ జెన్నిఫర్ మిస్సు బడి నిన్నగాక మొన్న కట్టినారు. అక్కడ పాత రంగేటి?"

నిజమే. అక్కడ పాత రంగు ఉండదు. పాత రంగు ఉన్నది మా ఇంట్లో. మా ఇంట్లోది బయటికి పోయింది. ఎక్కడికి పోయింది?

అప్పుడు తట్టింది నాకు. మన ఖరగ్‌పూర్‌లో రాబిష్ బండి మాట్లాడ్డం అంటే ఒకటే ప్రశ్న, ఎంతకి తీసుకెళ్తావు అని. పగిలిన ఇటుకలు, సున్నం పెచ్చులు, విరిగిన చెక్కలు, అన్నిటికీ కలిపి రాబిష్ అనే పేరు, ఒకటే ట్రాలీ. బండివాడు గుమ్మం దాటితే మన బాధ తీరిపోయిందనుకుంటాం. బండివాడి పని అప్పుడే మొదలవుతుంది. తీసుకెళ్ళినందుకు ఇంటివాడి దగ్గర తీసుకుంటాడు, పోసినందుకు పల్లపు జాగావాడి దగ్గర తీసుకుంటాడు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు ఇంకొకళ్ళ పాత ఇంటి మీద నిలబడి ఉన్నాయి. ఎవరిది ఎవరి కింద ఉందో అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు.

టోటో తీసుకుని పూరీ గేట్ పోయినాను. ట్రాక్టర్లు నిలబెట్టే చోట బండివాడు ఆమోసు, ట్రాలీ చక్రం విప్పుకుని కూర్చున్నాడు. మా తలుపుల పొడి మోసింది వాడే.

"ఏటన్నా, మళ్ళీ ఇల్లు బద్దలుకొట్టినారేటి?"

"జనవరిలో మా ఇంటి రాబిష్ ఎక్కడ పోసినావు?"

"ఇప్పుడెందుకన్నా అది?"

"సెప్పు ముందు."

"నువ్వు తీసికెళ్ళమన్నావు, తీసికెళ్ళినాను. గీసిగీసి బేరమాడినావు. టార్పాలిన్ కప్పితే కొంచెం ఎక్కువవుద్దంటే, టార్పాలిన్ ఎందుకురా, రాబిష్‌కి సలేస్తాదేటి అని ఎకసెక్కం సేసినావు. ఎక్కడ పోస్తావని ఒక్క మాటడిగినావా?"

అన్నాను ఆ మాట. నవ్వినారు కూడా చుట్టూ ఉన్నవాళ్ళు.

"ఇప్పుడడుగుతన్నాను. ఎక్కడ పోసినావు?"

"నీ తమ్ముడుగారు సెప్పిన సోటే. బడికాడ."

"ఏ బడి?"

"సిన్నపిల్లల బడన్నా, జెన్నిఫర్ మిస్సుది. వానలకి పెరడంతా సెరువైపోతంది, ఎత్తు సెయ్యాలన్నారు. నీ తమ్ముడుగారే దగ్గరుండి పోయించినారు. దాని మీదే ఉయ్యాల పాతినారు."

 మా పిల్ల రోజూ ఆ ఉయ్యాల దగ్గరే ఆడుతుంది. ఉయ్యాల దాకా ఎవరు ముందు పరిగెడతారో రాత్రి కంచం ముందు కూర్చుని కథలు చెబుతుంది.

ఆమోసుకి విషయం చెప్పినాను, పిల్ల సంగతి, సీసం సంగతి. వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నాకేటి తెలుసన్నా. రంగంటే రంగే గదా."

"ఎన్ని ట్రిప్పులు పోసినావక్కడ?"

"రెండు."

"రెండేనా?"

"రెండే అన్నాను గదా." అని స్పానర్ అందుకుని, బిగించి ఉన్న నట్టునే మళ్ళీ బిగించినాడు.

మలంచా రోడ్డు మీంచి రెండో సందులో బడి. నేను పోయేసరికి పిల్లలు వెళ్ళిపోయినారు. పెరట్లో ఉయ్యాల, జారుడుబల్ల. వాటి కింద పిల్లలు తవ్వుకున్న చిన్న చిన్న గోతులు, పక్కన ప్లాస్టిక్ గ్లాసులు, మట్టితో పాయేష్, మన పాయసమే, వండుకుని ఒకళ్ళకొకళ్ళు వడ్డించుకునే ఆట. పుల్లతో కదిపి చూసినాను. ఇటుక ముక్కలు, సున్నం, మధ్యలో గోరంత గోరంత రంగు పెచ్చులు. ఒకటి తిరగేసినాను. పైన బోగీ ఎరుపు. అడుగున సిందూరం రంగు.

అది మా నాన్న రంగు. విశ్వకర్మ పూజ దగ్గర పడితే టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో వర్క్‌షాప్ రంగు తెచ్చేవాడు. మా నాన్న ఒక్కడేనా, వీధిలో అందరి నాన్నలూ అంతే. తలుపు చూసి ఆ ఇంటాయన ఏ షాపులో, అంటే వర్క్‌షాప్‌లో ఏ విభాగంలో, పనిచేస్తాడో చెప్పేసేవాళ్ళం మేము. ఇనుము తుప్పు పట్టకుండా వేసే సిందూరం రంగు మా నాన్న చెక్కకి కూడా వేసేవాడు, దాని మీద బోగీ ఎరుపు. ఏడాదికో పూత. వేసినాక ఇంత దూరం జరిగి నిలబడి, "నూరేళ్ళుంతాది" అనేవాడు. ఆ కాలంలో అలాటి రంగులన్నిట్లో సీసమేనంట, ఎక్కడివైనా సరే. ఆయనకేం తెలుసు. నూరేళ్ళుంటుందన్నది మాత్రం నిజం.

జెన్నిఫర్ మిస్ బయటికి వచ్చింది. చెప్పినాను. ఆవిడ ముందు నమ్మలేదు, రిపోర్టు చూపిస్తే రెండుసార్లు చదివి అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"మీ తమ్ముడుగారు ఎంతో మంచి మనసుతో ఫ్రీగా పోయించారు దాదా. యానివర్సరీకి చీఫ్ గెస్ట్‌గా పిలిచి శాలువా కప్పాం."

"తెలుసు. ఫోటో మా ఇంట్లోనే ఉంది."

"నా దగ్గర ఇంకా ఇంతమంది పిల్లలున్నారు. ఎవరు తీయిస్తారు ఇదంతా? నేనింకా ఈ బిల్డింగ్ అప్పే తీర్చుకుంటున్నాను." అంది. లేచి పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. "అన్ని ఇళ్ళకీ నేనే ఫోన్ చేసి చెప్తాను, పిల్లలందరికీ పరీక్ష చేయించమని. మట్టి సంగతి మీరు చూడండి. మీ ఇంటిదే కదా."

మా ఇంటిదే.

ఎవరు తీస్తారో, ఎక్కడికి తీసుకెళ్ళాలో, ఆ సాయంత్రమంతా కనుక్కున్నాను. పై మట్టి జానెడు లోతు తడిపి ఎత్తాలి, రెండేసి సంచుల్లో కట్టాలి, కప్పిన లారీలో దూరం తీసుకెళ్ళాలి, కొత్త మట్టి పోసి గడ్డి వెయ్యాలి. అయ్యే ఖర్చుకి నా టోటో అమ్మినా సగానికి రాదు.

శ్రీనివాస్ డ్యూటీ దిగి వచ్చి వరండాలో టీ తాగుతున్నాడు. వెనక గోడ మీద శాలువా ఫోటో. నేను కూర్చోలేదు.

"బడి పెరట్లో రాబిష్ నువ్వు పోయించినావా?"

"పోయించినాను. తప్పేటి? పాపం ఆ మిస్సు, వానాకాలం పిల్లలు నీళ్ళలో నడుస్తన్నారని వచ్చి సెప్పుకుంది. ఊరికే పోయే రాబిష్, పోయించినాను. సోషల్ సర్వీసు."

"అది మన తలుపుల పొడిరా."

"అయితే?"

"పాపకి ఇరవై నాలుగు."

వాడి చేతిలో గ్లాసు ఆగింది. "తగ్గలేదా?"

"పెరిగింది. పొద్దున్న లేస్తే ఆ మట్టిలోనే ఆడతన్నాది."

"ఓరి నాయనో" అన్నాడు వాడు, చిన్నప్పుడు చెరువులో పడ్డప్పుడు అన్నట్టే. గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆ కాసేపూ వాడు నా తమ్ముడే. నేను కూడా కుర్చీ లాక్కుని కూర్చుందామనుకున్నాను. అంతలో వాడు గొంతు సవరించుకున్నాడు.

"సూడన్నియ్యా. ఠండా దిమాగ్‌తో మాటాడుకుందాం. బండి ఎవురు మాటాడినారు?"

"నాను."

"ఆమోసుకి డబ్బులు ఎవురిచ్చినారు?"

"నానే ఇచ్చినాను."

"మరి రేపు ఆ పిల్లల అమ్మానాన్నలు గేటు మీదకొస్తే ఎవుర్ని అడగాల? నాను గవర్మెంటు సర్వెంటుని. సర్వీసు ఇంకా ఎనిమిదేళ్ళున్నాది. నా పేరు బయటికొస్తే చార్జిషీటు."

"శాలువా కప్పించుకున్నప్పుడు నీ పేరు బయటికి రాలేదేటి?"

వెనక వాటా లోంచి రాధారాణి గొంతు వినిపించింది. "ఆ శాలువా కూడా ఓపాలి తడిగుడ్డెట్టి తుడవమనయ్యా!"

"వదినా, నువ్వు ఊరుకో" అని అరిచి, శ్రీనివాస్ మళ్ళీ నా వైపు తిరిగినాడు. "గీయించింది నాను. ఒప్పుకుంటన్నాను. అప్పుడెవురికి తెలుసు? నీకు తెలుసా? నువ్వూ ఇక్కడే ఉన్నావు గదా, ఒక్క మాటన్నావా?"

"అనలేదు."

"మరింకేటి. ఇప్పుడు ఆ మట్టి తియ్యాల. నీకాడ లేదు. నాకాడున్నాది. ఆదర్శ్ ఇల్లు కట్టుకోడానికని పీఎఫ్ లోను తీసినాను."

ఆదర్శ్ వాడి కొడుకు. టాటానగర్‌లో ఉద్యోగం, ఇక్కడికి బదిలీ వస్తోంది.

"ఇవ్వు మరి."

"ఇస్తాను. రేపే ఇస్తాను. ఇల్లు ఎక్కడ కట్టాల?"

నాకు అర్థమయింది. అయినా వాడి నోటితో అనిపించాలని నిలబడినాను.

"మలంచా జాగా రాసియ్యి."

"అమ్మ నాకని విడిగా ఇచ్చింది అదొక్కటేరా."

"అమ్మ నాకు ఉద్యోగం ఇచ్చింది, సేసుకుంటన్నాను. నీకు జాగా ఇచ్చింది. నువ్వేటి సేసినావు? ఇన్నేళ్ళూ కప్పల్ని మేపినావు." అన్నాడు, నవ్వుతూ కాదు. "నాను దొంగతనంగా అడగట్లేదు గదా. నీ మనవరాలికి పెరడు బాగవుతాది, నా మనవడికి గూడు దొరుకుతాది. రెండూ పిల్లలకే."

"ఊరికే ఇచ్చేవాడు అన్నదమ్ముడు. జాగా తీసుకుని ఇచ్చేవాడు వ్యాపారి."

"అలగే అనుకో. నీకు ఇంకెవురన్నా ఉంటే ఎల్లి అడుగు."

లేరు. వాడికీ తెలుసు, అందుకే అన్నాడు. నేను వెనక వాటాకి పోయినాను. మీనాకుమారి అంతా విన్నది, గోడ అంత పల్చన. పిల్ల బడి గౌను మడత పెడుతోంది. ఆ జాగా తన కోసమని పెళ్ళి కాకముందు నుంచి వింటున్నది అది.

"రాసిచ్చెయ్ నాన్నా" అంది తల ఎత్తకుండా. "ఆ పెరట్లో నా పిల్లొక్కర్తే కాదు."

ఆ వారమే రాసిచ్చినాను. సంతకం నాకు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే వస్తుంది, రిజిస్ట్రీ ఆఫీసులో గుమస్తా రెండుసార్లు చేయించినాడు. పక్కన శ్రీనివాస్ ఒక్క గీతలో లాగేసినాడు.

మాట తప్పలేదు, అది కూడా రాయాలి. డబ్బు మొత్తం ఇచ్చినాడు. ఈసారి నేను ప్రతి మనిషినీ అడిగినాను, ఎక్కడికి తీసుకెళ్తావు, ఎక్కడ దింపుతావు, ఆ చోటు నాకు చూపించు అని. చూపించినాక గానీ లారీ మాట్లాడలేదు. మట్టి తడిపి ఎత్తినారు, దుమ్ము లేవకుండా. సంచులు కట్టినారు, పైన టార్పాలిన్. మట్టిలోంచి తీసిన మా పాత కిటికీ చెక్కలు బడి గోడ పక్కన పేర్చి ఉంటే, ఎదురుగా టీ దుకాణం దాదా వచ్చి పొయ్యిలోకి కావాలని హిందీలో అడిగినాడు.

"ఎండిన చెక్క దాదా, పారేస్తారా ఎవరైనా?"

"కాలిస్తే ఆ పొగలో కూడా అదే ఉంటుంది" అన్నాను. పిసినిగొట్టు అని బెంగాలీలో అనుకుంటూ పోయినాడు. నాకు బెంగాలీ రాదనుకున్నాడు.

రోడ్డు అవతల ఆమోసు ట్రాక్టర్ ఆపుకుని చాలాసేపు ఇటే చూసినాడు. మాస్కులు, సంచులు, నీళ్ళ పైపు. నేను చూసేసరికి ఇంజిన్ తిప్పుకుని పోయినాడు.

శుక్రవారం సాయంత్రం గోల్‌బజార్ దగ్గర ప్యాసింజర్ని దింపి చిల్లర ఇస్తుంటే వాడే వచ్చినాడు. టోటోలో వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు, ఎక్కడికీ పోమనలేదు.

"అన్నా, రెండు కాదు. మూడు."

"ఏటి మూడు?"

"ట్రిప్పులు. రెండు బడికాడ. మూడోది... ఆకరి రోజు ఊడ్సిందంతా, ఉత్త పొడీ పెచ్చులూ, నువ్వు టోటో మీదున్నప్పుడు ఎత్తినాను. అది వేరే సోట దింపినాను."

"ఎక్కడ?"

వాడు సీటు మీద రెక్సిన్ గిల్లుతూ కూర్చున్నాడు. "అప్పుడే నీ తమ్ముడుగారు ఇంకో పని సెప్పినారు. మలంచా సివర పల్లపు జాగా మొరంతో ఎత్తు సెయ్యాలని. మొరానికి నాకాడ డబ్బులు కట్టినారు. నాను..." ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "మొరం తేవాలంటే దూరం, డీజిలు. అడుగున మీ ఇంటి పొడి దింపేసి, పైన ఇంత మందాన మొరం కప్పేసినాను. రెండు వానలు పడితే ఆ పై మొరం జారిపోద్ది. ఈపాటికి జారిపోయే ఉంతాది."

"మలంచా సివర ఏ జాగా?"

"నీదేనన్నా."

ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ నేను అటు పోయి ఎన్నాళ్ళో అయింది. "జనవరిలోనా?" అన్నాను.

"జనవరిలోనే."

"అప్పటికి అది నాది."

"నీదేనని నానూ అన్నాను. 'ఎలాగూ నాకే వస్తాది, అన్నియ్యకి సెప్పొద్దు' అన్నారు నీ తమ్ముడుగారు."

పిల్లకి కడుపునొప్పి రాకముందు. డాక్టరమ్మ మొహం మేము చూడకముందు. అప్పటికే వాడు నా జాగా ఎత్తు చేయించుకుంటున్నాడు.

"అడుగున పొడి ఉందని వాడికి తెలుసా?"

"తెలీదన్నా. మొత్తం మొరమే అనుకుంటన్నారు. ఆదివారం ముగ్గుపోసి పునాది తవ్వుతారంట గదా. నువ్వే సెప్పు. నాకు దైర్యం లేదు. తంతారు." దిగిపోయి, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చినాడు. "మొరం డబ్బులు తిరిగిచ్చేస్తానని కూడా సెప్పు" అని జనంలో కలిసిపోయినాడు.

టోటో ఇంటి వైపు తిప్పుతుంటే జేబులో ఫోను మోగింది. శ్రీనివాస్.

"అన్నియ్యా, ఆదర్శ్ వాళ్ళు టాటా నుంచి దిగినారు. ఆదివారం పొద్దున్న శంకుస్థాపన. ఇంటికి పెద్దోడివి, కొబ్బరికాయ నువ్వే కొట్టాల. ఆ కోపాలవీ ఆ రోజుకి మానెయ్యి."

వాడి వెనక గాలి శబ్దం, ఎవరో నవ్వడం. "ఎక్కడున్నావు?" అన్నాను.

"జాగాలోనే. అందరం సూడ్డానికొచ్చినాం. మా బుల్లోడు సూడాల నువ్వు, సంక దింపితే సాలు, మట్టిలో సతికిలబడిపోయినాడు. ఎర్రగా ఏదో మెరుస్తంటే పిడికిలి నిండా తీసి నోట్లో ఎట్టుకున్నాడు, ఆళ్ళమ్మ ఏలెట్టి తీస్తన్నాది." పగలబడి నవ్వినాడు. ఏడాదిన్నర పిల్లాడు కిందనుంచి ఏదో అంటున్నాడు, నోటి నిండా పెట్టుకున్నట్టు.

నా నోటి దాకా రెండు మాటలు వచ్చినాయి. ఒకటి జనవరి సంగతి. రెండోది ఆ పిడికిలి సంగతి. రెండూ ఒక్కసారి బయటికి రావు, ఏదో ఒకటి ముందు రావాలి.

"ఏటన్నియ్యా, ఇనపడతందా? హలో?"

వినపడుతోంది. వాడు నిలబడి మాట్లాడుతున్న చోటు నాకు కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. మలంచా చివర, తూర్పు ముఖం, మా అమ్మ నాకిచ్చిందీ నేను పోగొట్టుకున్నదీ, ఒకటింపావు కట్టా.